జనాభా లెక్కలో చిన్న పల్లె సరిగా కనిపించాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

రానున్న జనగణన గురించి పత్రికల్లో వస్తున్న వార్తలు చాలావరకు కులగణన చుట్టూ, నియోజకవర్గాల పునర్విభజన చుట్టూ తిరుగుతున్నాయి. అవి చిన్న విషయాలని నేను అనడం లేదు. అయితే ఈ లెక్క మీద అందరికంటే ఎక్కువగా ఆధారపడిన చిన్న పల్లెల మాట ఎక్కడా వినిపించడం లేదు. చిత్తూరు జిల్లా పెనుమూరు మండలంలో పుట్టి, అక్కడా చుట్టుపక్కల మండలాల్లోనూ ఉపాధ్యాయుడిగా పనిచేసి, 2001లోనూ 2011లోనూ జనగణన వివరాలు రాసుకునే ఎన్యూమరేటరుగా ఇంటింటికీ తిరిగినవాణ్ణి కనుక ఆ మాట చెప్పడం నా బాధ్యత అనుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవుగానే ఉంటుంది, దయచేసి ప్రచురించగలరు.

తిరుపతి వంటి నగరం గురించి తెలుసుకోవాలంటే ప్రభుత్వానికి పది దారులున్నాయి. నాలుగైదు వందల మంది ఉండే పల్లె గురించి తెలుసుకోవాలంటే, జనగణన శాఖ ప్రచురించే ప్రాథమిక పట్టికలో ఆ ఊరి పేరు ఎదురుగా ఉండే ఒక్క వరుసే ముఖ్యమైన ఆధారం. ఊళ్ళో ఎన్ని కుటుంబాలు, మగవారెందరు, ఆడవారెందరు, ఆరేళ్ళ లోపు పిల్లలెందరు, ఎస్సీలూ ఎస్టీలూ ఎందరు, చదవను రాయను వచ్చినవారెందరు, పనిచేసేవారెందరు అన్నవి అందులో ఉంటాయి. పనిచేసేవారిని మళ్ళీ సొంత సేద్యగాళ్ళు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమ నడిపేవారు, ఇతర పనులవారు అని నాలుగు భాగాలు చేస్తారు. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని దొరికినవారు ఒక గడిలోనూ, అంతకు తక్కువ దొరికినవారు మరో గడిలోనూ చేరతారు. మన పల్లెలన్నింటికీ ఆ వరుస ఇప్పటికీ 2011 నాటిదే. 2021లో జరగవలసిన లెక్క కరోనా వల్ల వాయిదా పడి, చివరికి 2027 మార్చి 1వ తేదీని ప్రామాణికంగా తీసుకుని జరపాలని 2025 జూన్ 16న కేంద్రం ప్రకటించింది. ఆ పాత వరుసలో ఆరేళ్ళ లోపు పిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతుల్లో ఉన్నారు, కొందరు ఆడపిల్లలు పెళ్ళిళ్ళయి వేరే ఊళ్ళకు వెళ్ళిపోయారు. కాగితం మీద మాత్రం వాళ్ళింకా అంగన్‌వాడీ పిల్లలే.

ఆ వరుసతో మన బతుకులకు పనేముందని అడిగేవారున్నారు. రాజ్యాంగంలోని 243డి అధికరణ ప్రకారం పంచాయతీలో ఎస్సీ, ఎస్టీలకు ఎన్ని స్థానాలు కేటాయించాలన్నది ఆ పంచాయతీలో వారి జనాభా నిష్పత్తిని బట్టే నిర్ణయిస్తారు. 2021లో మన దగ్గర జరిగిన పంచాయతీ ఎన్నికలకు ఆధారం పదేళ్ళ కిందటి 2011 లెక్కే. పదిహేనవ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల నిధులను రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యం ఇచ్చింది, ఆ జనాభా కూడా 2011దే. 2013 నాటి ఆహార భద్రత చట్టం కింద గ్రామాల్లో 75 శాతం వరకు జనానికి చౌక బియ్యం అందాలన్నారు, ఏ రాష్ట్రంలో ఎంతమంది అన్నది మళ్ళీ ఆ పాత లెక్క మీదే ఆగిపోయింది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో దశలో మైదాన ప్రాంతాల్లో 500 మందికి పైబడిన ఆవాసాలకు రోడ్డు వేస్తామన్నారు, ఆ 500 కూడా 2011 నాటి తలల లెక్కే. నాలుగు వందల నుంచి ఎనిమిది వందల మందికి ఒక అంగన్‌వాడీ, నూట యాభై నుంచి నాలుగు వందల మందికి ఒక మినీ అంగన్‌వాడీ అన్నది నియమం. పెద్ద ఊరిలో పదిమంది అటూ ఇటూ అయినా పెద్దగా తేడా పడదు. నాలుగు వందల దగ్గర నిలిచిన పల్లెలో ఒక వీధి లెక్కలోంచి జారిపోతే పసిపిల్లల కేంద్రమే తారుమారవుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. బయటివారు గ్రామం అంటే ఒకచోట గుమికూడిన ఇళ్ళనుకుంటారు. మన జిల్లాల్లో జనగణన లెక్కించే గ్రామం రెవెన్యూ గ్రామం. సర్వే నంబర్ల హద్దుల లోపల అసలు ఊరు ఉంటుంది, దానికి కూతవేటు దూరంలో దళితవాడ, మరోవైపు అరుంధతివాడ, కాలువ అవతల పొలాల్లో కండ్రిగలనే చిన్న పల్లెలు రెండు మూడు, చెరువు వెనక ఎస్టీ కాలనీ, రోడ్డు పక్కన ఈ ఇరవై ఏళ్ళలో లేచిన కొత్త కాలనీ ఉంటాయి. వీటన్నింటికీ వాడుకలో వేర్వేరు పేర్లున్నాయి, వేర్వేరు అమ్మవారి గుళ్ళున్నాయి, కొన్నింటికి వేర్వేరు బోర్లున్నాయి. పట్టికలో మాత్రం అన్నీ కలిసి ఒకే పేరు కింద ఒకే వరుసగా మారిపోతాయి. ఊళ్ళో నూటికి డెబ్బైమందికి చదువొచ్చని ఆ వరుస చెబుతుంది. ఆ డెబ్బైమంది ఏ వీధివారో, మిగిలిన ముప్ఫైమంది ఏ వాడవారో అది చెప్పదు. 2011లో ఉమ్మడి చిత్తూరు జిల్లా మొత్తం మీద జనాభా 41 లక్షల 70 వేలు దాటింది, అందులో పదిమందికి ఏడుగురు పల్లెల్లోనే ఉన్నారు. అంతమంది గురించి జనగణన నుంచి ఆవాసం వారీగా ఒక్క పట్టిక కూడా ప్రజల చేతికి రాకపోవడం పెద్ద లోటని నా అభిప్రాయం.

ఈ లోటు వల్ల అందరికంటే నష్టపోయేది యానాదులు. రాష్ట్రంలో ఐదు లక్షలకు పైబడిన ఈ గిరిజనుల్లో చాలామంది నెల్లూరు, చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లోనే ఉన్నారు. వారిలో ఎన్నో కుటుంబాలు మామిడి తోపుల్లో కాపలా ఉంటాయి. పూత దశ నుంచి కాయ కోత దాకా ఒక తోటలో, ఆ తరువాత ఇంకో రైతు దగ్గర, మధ్యలో చేపల కోసమో, వేరుశనగ కోతలకో చెరువు కట్టల మీద ఉండిపోతారు. తోపు మధ్యలో నాలుగు కర్రలు పాతి, పైన తాటాకు కప్పి, వాన పడకుండా నల్ల పట్ట కట్టిన గుడిసె ఉంటుంది. దానికి తలుపుండదు, ఇంటి నంబరుండదు. ముందు మూడు రాళ్ళ పొయ్యి, పక్కన నీళ్ళ బిందె, గుంజకు కట్టిన కుక్క, లోపల గోనె సంచి మీద పడుకున్న పసిబిడ్డ. ఎన్యూమరేటరుకు ఇచ్చే పటంలో ఆ గుడిసె గుర్తు ఉండకపోవచ్చు. ఆయన పని ఆరేడు వందల మంది ఉండే ఒక బ్లాకు. బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలూ సెలవుదినాలూ తిరిగి పూర్తి చేయాలి. రోడ్డుకు కిలోమీటరు లోపల తోపులో ఒక కుటుంబం ఉందని ఎవరైనా చెబితే తప్ప ఆయనకు తెలియదు. చెప్పవలసినవారు తోట యజమాని, వార్డు సభ్యుడు, గ్రామ సచివాలయ ఉద్యోగి. వారికి ఆ కుటుంబం పేరు కూడా తెలుసు. "వాళ్ళు మన ఊరోళ్ళు కాదులే సార్" అన్న ఒక్క మాటతో ఆ కుటుంబం ఏ ఊరికీ చెందకుండా పోతుంది. పక్క ఊరికి పోయినా ఇదే మాట వినిపిస్తుంది. ఆ బిడ్డకు జనన ధ్రువపత్రం లేకపోవడం, ఆధార్ లేకపోవడం, బడిలో పేరు లేకపోవడం వీటన్నింటికీ మొదలు ఇక్కడుంది. అసలు జనగణనలో లెక్కకెక్కడానికి ఏ కార్డూ అక్కర్లేదు, మనిషి ఉంటే చాలు. ఈ సంగతి యానాది పెద్దలకు ఎవరైనా వెళ్ళి చెప్పాలి. కాగితాలు లేవన్న భయంతో ఎన్యూమరేటరును చూసి తోపు లోపలికి వెళ్ళిపోయిన మనుషులను నేను చూశాను.

ఇప్పుడు ఆడవారి పని సంగతి. ఇది నేను ఎంత చెప్పినా తక్కువే. మన పల్లెల్లో ఒక నడివయసు ఇల్లాలిని "ఏం పని చేస్తావమ్మా" అని అడిగితే, పదిమందిలో ఎనిమిదిమంది చెప్పే జవాబు "నాకేం పనుండాది సార్, ఇంటికాడే ఉండా" అని. రాసుకునేవాడు పని లేదని రాసుకుని తరువాతి పేరుకు పోతాడు. ఆ మాట చెప్పిన ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేచి కసువు ఊడ్చి, పేడ ఎత్తి, రెండు జెర్సీ ఆవుల పాలు పిండి, ఆరు గంటలకల్లా క్యాన్ తీసుకుని పాలకేంద్రానికి పోతుంది. అక్కడ వెన్న శాతం చూసి చీటీ ఇస్తారు. తిరిగి వచ్చి సంగటి వండి, పిల్లలను బడికి పంపి, కొడవలీ గోనెపట్టా తీసుకుని గట్ల వెంట గడ్డి కోసి, తలమీద మోపుతో మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. సాయంత్రం మళ్ళీ పాలు, మళ్ళీ కేంద్రం. పదిహేను రోజులకొకసారి వచ్చే పాలడబ్బుతోనే ఆ ఇంట్లో పిల్లల ఫీజులు, డ్వాక్రా కంతులు, మందుల ఖర్చులు నడుస్తాయి. వేరుశనగ వానలేక ఎండినా, తోతాపురి మామిడి ధర పడిపోయి కాయలు తోటలోనే రాలినా, ఆ ఇల్లు నిలబడేది ఆ రెండు ఆవుల మీద. ఆ ఇల్లాలు ప్రభుత్వ పట్టికలో ఏ పనీ చేయనివారి గడిలో ఉంటుంది.

ఇది నియమాల్లో ఉన్న లోపం అనుకుంటే పొరపాటు. సొంత పొలంలోనూ కుటుంబ వ్యాపారంలోనూ జీతం లేకుండా చేసే పని కూడా పనేనని 1991 లెక్కల ప్రశ్నపత్రంలోనే స్పష్టంగా చేర్చారు. ఇంటి వాడకం కోసం మాత్రమే పాడి చేసినా అది పని కిందికే వస్తుందని 2001 నుంచి సూచనల్లో ఉంది. అంటే నియమం ఆమె పక్షానే ఉంది. గడప దగ్గర అడిగే ప్రశ్న సరిగా లేకపోవడం వల్లే ఆమె జారిపోతున్నది. "పని చేస్తావా" అని అడిగితే ఆమె కూలికి పోవడం గురించే అనుకుంటుంది. "ఆవులున్నాయా, పాలు ఎవరు పిండుతారు, గడ్డి ఎవరు తెస్తారు, కయ్యలో కలుపు ఎవరు తీస్తారు" అని అడగాలి. అలా అడిగితే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. 2011లో దేశం మొత్తం మీద గ్రామీణ స్త్రీలలో నూటికి ముప్ఫైమందే పనిచేసేవారని తేలింది. మన పల్లెలు తెలిసినవారెవరూ ఆ అంకెను నమ్మలేరు. ఎండలో వంగి నాట్లు వేసే ఆడవాళ్ళ వరుసను ఒక్కసారి చూసినవారికి ఆ అంకె ఎంత తక్కువో వేరే చెప్పనక్కర్లేదు.

ఆరు నెలల పని అన్న ప్రశ్న దగ్గరా ఇలాంటి చిక్కే ఉంది. కూలికి పోయేవారు నెలల లెక్కన గుర్తు పెట్టుకోరు, పంట లెక్కన గుర్తు పెట్టుకుంటారు. మామిడి కోతలకు, గుజ్జు ఫ్యాక్టరీ పనికి వేసవిలో ఇన్నాళ్ళు, వేరుశనగ పెరకడానికి ఇన్నాళ్ళు, చెరకు కొట్టడానికి, బెల్లం వండే గానుగ దగ్గర ఇన్నాళ్ళు, ఉపాధి పనికి ఇన్నాళ్ళు అని విడివిడిగా అడిగి కూడితేనే ఆ మనిషి ఏడాదిలో ఎన్నాళ్ళు పని చేశాడో తేలుతుంది. ఊరికే "ఆరు నెలలు పనికి పోయినావా" అంటే లేదనే చెబుతాడు. ఈ ఒక్క జవాబుతో పల్లెలో కష్టపడేవారి సంఖ్య సగానికి సగం మారిపోగలదు. దేశంలో 2001 నుంచి 2011 మధ్య సొంత సేద్యగాళ్ళు 12.7 కోట్ల నుంచి 11.9 కోట్లకు తగ్గి, వ్యవసాయ కూలీలు 10.7 కోట్ల నుంచి 14.4 కోట్లకు పెరిగారు. మన దగ్గర చిన్న రైతు రెండూ చేస్తాడు, పొద్దున తన కయ్యకు నీళ్ళు కట్టి, పది గంటలకు ఇంకొకరి తోటలో కూలికి దిగుతాడు. వాణ్ణి ఏ గడిలో రాయాలన్నది ఏ పనిలో ఎక్కువ కాలం గడిపాడన్న దాన్ని బట్టి తేల్చాలి. పట్టా ఎవరి పేరున ఉందన్నది చూసి రాయకూడదు. కౌలుకు చేసేవాడు కూడా సేద్యగాడే. ఇక ఇతర పనులవారు అన్న గడిలో శ్రీసిటీ పరిశ్రమలవాడకు కంపెనీ బస్సులో పోయే సత్యవేడు పిల్ల, తిరుపతిలో హోటల్లో పనిచేసే కుర్రవాడు, ఆటో డ్రైవరు, మంగలి, పూజారి, టీచరు అందరూ కలిసి ఉంటారు. అందుకే ఆ అంకె పెరిగితే ఊరు బాగుపడినట్టా కాదా అని ఎవరూ చెప్పలేరు. నగరి, పుత్తూరు, నారాయణవనం వైపు మగ్గాల ఇళ్ళలో భార్య కండెలు చుట్టేది, భర్త నేసేది ఉంటుంది, ఇద్దరి పేర్లూ పనివారి గడిలో రావాలి.

అక్షరాస్యత గురించి ఎక్కువ రాయను. ఏడేళ్ళు నిండినవారు ఏ భాషలోనైనా అర్థం చేసుకుని చదవగలిగి, రాయగలిగితేనే అక్షరాస్యులు. డ్వాక్రా రిజిస్టరులో సంతకం చేయడం దానికి చాలదు. పాలసముద్రం, నగరి, కుప్పం వైపు అరవంలో చదువుకున్న పెద్దవారిని తెలుగు రాదన్న కారణంతో నిరక్షరులుగా రాయకూడదు.

పిల్లల సంఖ్య విషయంలో మాత్రం చదువుకున్నవారు కూడా ఒక జాగ్రత్త పాటించాలి. చిన్న పల్లెల లెక్కలు చూసి "ఈ ఊళ్ళో వెయ్యి మంది మగపిల్లలకు ఎనిమిది వందల ఆడపిల్లలే" అని ఆందోళన చెందే రాతలు కనిపిస్తుంటాయి. ఆరేళ్ళ లోపు పిల్లలు నలభై మందే ఉన్న ఊళ్ళో మగపిల్లలు ఇరవై ఇద్దరు, ఆడపిల్లలు పద్దెనిమిది మంది అనుకుందాం. నిష్పత్తి 818 వస్తుంది. మరుసటి ఏడు ఇద్దరు ఆడపిల్లలు పుడితే అదే 909 అవుతుంది. ఊరి బుద్ధి ఏడాదిలో మారలేదు, అంకె చిన్నది కనుక ఎగిరి పడింది. అందుకని ఆడపిల్లల విషయంలో మనం నిశ్చింతగా ఉండవచ్చని కాదు. 2011లో ఉమ్మడి జిల్లాలో మొత్తం స్త్రీపురుషుల సంఖ్య దాదాపు సమానంగా ఉండగా, ఆరేళ్ళ లోపు పిల్లల్లో ఆడపిల్లల నిష్పత్తి అంతకంటే బాగా తగ్గింది. ఆ తగ్గుదల నిజమైనది, బాధ కలిగించేది. దాన్ని మండలం స్థాయిలో, జిల్లా స్థాయిలో చూసి ప్రశ్నించాలి, ఒక్క పల్లె మీద నింద మోపకూడదు. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున కలిగే పిల్లలు 1.7 మంది మాత్రమే. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తొలగించడానికి ఇదీ ఒక కారణం. మా ప్రాంతపు చిన్న బడుల్లో తరగతికి నలుగురైదుగురు పిల్లలు కూర్చోవడం చూస్తే ఆ 1.7 అంటే ఏమిటో కళ్ళకు కడుతుంది.

పల్లెల్లో పిల్లలు తగ్గారు, ముసలివారు పెరిగారు. విచారకరమైన సంగతి ఏమిటంటే, ఊళ్ళో అరవై దాటినవారెందరో ఆ పట్టికలో ఉండదు. ఆరేళ్ళ లోపు పిల్లలు ఒక లెక్క, మిగిలిన అందరూ ఒక లెక్క. ఇరవై ఏళ్ళ కుర్రవాడూ, ఎనభై ఏళ్ళ అవ్వా ఒకే అంకెలో కలిసిపోతారు. వయసు వారీ వివరాలు జిల్లా స్థాయిలో ఇస్తారు. వీధిలో పది ఇళ్ళుంటే ఆరింటిలో ముసలి దంపతులో, ఒంటరి అవ్వలో ఉన్న ఊళ్ళు మా మండలంలోనే ఉన్నాయి. కొడుకులు బెంగళూరులోనో, చెన్నైలోనో, గల్ఫులోనో ఉన్నారు. ఆ ఊరికి వైద్య సిబ్బంది ఎన్నిసార్లు రావాలి, పింఛను ఎవరు ఇంటికి తెచ్చివ్వాలి అన్నవి ఆ వయసు లెక్క లేకుండా ఎలా తేలుతాయి? ఈసారి లెక్క ఫోన్లలోని యాప్ ద్వారా జరుగుతోంది కనుక గ్రామస్థాయిలో వయసు పట్టిక ఇవ్వడం కష్టమైన పని కాదు. జనగణన శాఖ ఆ పని చేయాలని గట్టిగా కోరుతున్నాను.

వలస పోయినవారి విషయంలో ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. మన పల్లె నిండుగా ఉండేది సంక్రాంతికీ, గంగజాతరకూ. లెక్క జరిగేది ఫిబ్రవరిలో. కనుమ పండుగ అయిపోయి బస్సులెక్కిన పిల్లలు ఆ నెలలో ఊళ్ళో ఉండరు. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు లెక్క జరిగింది, ఆ రోజుల్లో ఒక్కసారీ ఇంటికి రానివారిని ఊరి లెక్కలో చేర్చలేదు, వారు ఉన్నచోటే రాసుకున్నారు. అది న్యాయమే. ఊరి జనాభా ఎక్కువ కనపడాలని, రేషన్ కార్డులో పేరుందని, బెంగళూరులో కాపురముంటున్న కొడుకు కుటుంబాన్ని కూడా ఇక్కడ రాయించడం తప్పు. అలా చేస్తే అక్కడొకసారి ఇక్కడొకసారి లెక్కపడతారు. అదే సమయంలో కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు వైపు పనికి పోయి రాత్రికి ఇల్లు చేరేవాడు మాత్రం ఇక్కడివాడే, వాణ్ణి వదలకూడదు. తాళం వేసిన ఇంటి ముందు పక్కింటివారు చెప్పే మాట ఇక్కడ చాలా ముఖ్యం, కనుక పక్కింటివారు తెలిసినంత మేరకు నిజం చెప్పాలి.

కులం గడి గురించి పత్రికల్లో ఎంతో రాశారు కనుక నేను ఒక్క విషయానికే పరిమితమవుతాను. 1931 తరువాత అన్ని కులాల లెక్కను జనగణనలో ప్రచురించడం ఇదే మొదటిసారి అవుతుంది. 2011 సామాజిక ఆర్థిక కుల సర్వేలో జనం చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం వల్ల కులాల పేర్లు 46 లక్షలకు పైగా వచ్చాయని కేంద్రం సుప్రీంకోర్టుకు తెలిపింది. 1931లో ఆ సంఖ్య 4,147. మన ఊళ్ళోనే ఒకే కులాన్ని ఒకరు గొల్ల అంటారు, ఒకరు యాదవ అంటారు. ఒకరు చాకలి అని, వారి పిల్లలు రజక అని చెబుతారు. వన్నెకుల క్షత్రియులకు ఊరికో పేరు. ఒక్కొక్క పేరు ఒక్కొక్క కులంగా యాప్‌లోకి ఎక్కితే చివరికి ఎవరి సంఖ్యా తేలదు. ఎస్సీల విషయంలో ఇది మరీ ముఖ్యం. 2025లో రాష్ట్ర ప్రభుత్వం 59 ఎస్సీ కులాలను మూడు వర్గాలు చేసి 1 శాతం, 6.5 శాతం, 7.5 శాతంగా రిజర్వేషన్లు పంచింది, ఆ పంపకానికి ఆధారం 2011 లెక్కలే. కనుక కుల ధ్రువపత్రంలో ఏ పేరు ఉందో అదే పేరు ఇంట్లో అందరూ చెప్పేలా కులపెద్దలు ముందుగానే మాట్లాడుకోవాలి. పేరు చెప్పడానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. ఎన్యూమరేటరు కూడా ఊరందరి ముందు గట్టిగా అడగకుండా, గడప లోపల నెమ్మదిగా అడగాలి.

ఈ మర్యాద విషయం కొత్తగా ఈ పనికి వస్తున్న యువ ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా చెప్పదలిచాను. మా పల్లెల్లో పెద్ద వయసు స్త్రీలు భర్త పేరు నోటితో చెప్పరు. "ఆయన పేరు నా నోట్లో ఎట్లొస్తుంది నాయనా, మనవణ్ణి అడుగు" అంటారు. దానికి నవ్వకూడదు, విసుక్కోకూడదు. భర్త పేరు చెప్పమని ఏ స్త్రీనీ నిర్బంధించరాదని 1948 నాటి జనగణన చట్టమే చెబుతోంది. అదే చట్టం ప్రకారం ఇంట్లో చెప్పిన వివరాలు ఎవరూ చూడటానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. ఆవులెన్ని అంటే పన్ను వేస్తారని, కొడుకు గల్ఫులో ఉన్నాడంటే పింఛను తీసేస్తారని జనంలో భయం ఉంది. ఆ భయం ఉన్నంతకాలం జవాబులు వంకరగానే వస్తాయి. లెక్క మొదలు కాకముందే దండోరా వేయించి, ఒక ఇంటివారు చెప్పిన వివరాలను బట్టి వారి పథకాలు తీసెయ్యరని సచివాలయం చెప్పాలి.

చివరిగా అధికారులకు నా విన్నపాలు ఇవి. ప్రతి గ్రామ సచివాలయం తన పరిధిలోని ఆవాసాలన్నింటి పేర్లు, తోపుల్లోనూ చెరువు కట్టల మీదా ఉన్న గుడిసెలతో సహా, నోటీసు బోర్డు మీద ముందుగా అంటించి, ఏది తప్పిపోయినా చెప్పమని వారం గడువు ఇవ్వాలి. ఫిబ్రవరి లెక్కకు ముందు జరిపే శిక్షణలో పాడి పనినీ, కాలానుగుణపు కూలినీ ఎలా అడగాలో మన ప్రాంతపు మాటల్లోనే నేర్పాలి. యానాది కాలనీలకు వెళ్ళే ఎన్యూమరేటరు వెంట ఆ కాలనీ మనిషినొకరిని పంపాలి. లెక్కలు వెలువడిన తరువాత ఊరి వరుసను తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేసి, గ్రామసభలో చదివి వినిపించి, పంచాయతీ గోడమీద ఉంచాలి. మీ పత్రిక జిల్లా అనుబంధంలో మండలానికొక రోజు చొప్పున ఆ వరుసలు ప్రచురిస్తే, తన ఊరి గురించి ప్రభుత్వం ఏం రాసుకుందో పల్లెవాసి మొదటిసారి తన చేతుల్లో పెట్టుకుని చదువుకోగలుగుతాడు. తప్పుంటే తహసీల్దారు కార్యాలయానికి ఆ కాగితం పట్టుకునే వెళ్ళగలుగుతాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పెనుమూరు మండలం, చిత్తూరు జిల్లా.